ఒప్పందం వెలుపలి మనిషి: సౌరశక్తి, దత్తాంశం, ప్రతిఫల న్యాయం

వర్ధమాన దేశాలకు పునరుత్పాదక శక్తి, దత్తాంశం రెండూ కొత్త ఆర్థిక వనరులన్న మాట ఇటీవలి అభివృద్ధి చర్చల్లో తరచుగా వినిపిస్తున్నది. రెండూ వాడినకొద్దీ తరిగేవి కావు. అయితే తరగని వనరు విషయంలో తగవు ఉండదనుకోవడం పొరపాటు. ఎండ అనంతమే గాని, దానిని పట్టే నేలా ఆ నేలను ఆశ్రయించిన బ్రతుకులూ పరిమితమైనవి. ఆ బ్రతుకులకు ప్రతిఫలంలో హక్కు ఉన్నదా అన్నదే ఇక్కడి ప్రశ్న.

కర్ణాటకలోని పావగడ తాలూకా మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ సరిహద్దు గల, తెలుగు విరివిగా వినిపించే కరవు సీమ. అక్కడ సుమారు 13,000 ఎకరాలలో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం వెలసింది. రైతుల భూమిని కొనకుండా కౌలుకు తీసుకున్నారు. ఎకరానికి ఏడాదికి తొలుత 21,000 రూపాయలు. రెండేళ్లకొకసారి 5 శాతం పెంపు. వానను నమ్మి వేరుసెనగ వేసి నష్టపోతూ వచ్చిన రైతుకు ఇది నిజమైన ఊరట. కాని ఆ చేలలో కలుపు తీసి, కాయలు ఒలిచి బ్రతికిన కూలీకీ, బీళ్లలో గొర్రెలను మేపుకొన్న కాపరికీ కౌలుపత్రంలో చోటు లేదు.

దత్తాంశం విషయంలోనూ ఇటువంటి మనిషి ఉన్నాడు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ రక్షణ చట్టం సమ్మతిని ప్రధానంగా గ్రహించి, సవరణకూ తొలగింపుకూ హక్కు కల్పించింది. అయితే ఒక్కరి సమాచారానికి విలువ అత్యల్పం. లక్షలమందిది ఒకచోట చేరినప్పుడే అది సంపద అవుతుంది. పైగా సమ్మతి ఇవ్వని వ్యక్తికి అప్పు పుట్టడమో పుట్టకపోవడమో అతని వంటివారి సమాచారాన్ని బట్టి నిర్ణయం కావచ్చు. క్రిస్ గోపాలకృష్ణన్ అధ్యక్షతన 2019లో ఏర్పడిన నిపుణుల సంఘం వ్యక్తిగతేతర దత్తాంశంపై సముదాయాల హక్కును ప్రతిపాదించింది. వ్యక్తిగత దత్తాంశానికే పరిమితమైన 2023 చట్టంలో ఆ ఆలోచనకు తావు దొరకలేదు.

ఎండను విద్యుత్తుగా, సమాచారాన్ని సంపదగా మార్చేది పెట్టుబడీ నైపుణ్యమే కదా అన్న ఆక్షేపణ సబబైనదే. అవి లాభార్హతను ఇస్తాయి. మార్పు భారాన్ని మోసినవారిని లెక్కలోంచి తొలగించే అర్హతను మాత్రం ఇవ్వవు. హక్కు యాజమాన్యం నుండే పుడుతుందనుకుంటే కూలీకి దక్కేది జాలి మాత్రమే. ఆశ్రయం నుండి కూడా పుడుతుందని అంగీకరిస్తే అతనికి దక్కవలసినది వాటా.

రఘువంశ ప్రథమ సర్గలో కాళిదాసు దిలీపుడు పన్ను గైకొనడాన్ని సూర్యుని జలగ్రహణంతో పోల్చాడు. తీసుకున్నదానికి ఎన్ని రెట్లు తిరిగి వస్తున్నదన్నదే ఆ పోలికలో మనం సాధారణంగా గమనించే అంశం. అది వాన రూపంలో వస్తున్నదన్న సంగతి అంతకన్న ముఖ్యం. వాన పట్టా చూసి కురవదు. ఉత్పత్తి అయిన విద్యుత్తుపై ఊరుమ్మడి నిధికి కొంత, సముదాయ దత్తాంశపు రాబడిలో ఆ సముదాయానికి కొంత చట్టబద్ధంగా చేరినప్పుడే, ఒప్పందం వెలుపలి మనిషికి కూడా ఈ వనరులు వనరులవుతాయి.