వేరు కోసిన చేయి

కుండీలో మారేడు మొక్క పెంచి, ఆ పత్రితోనే లింగపూజ చేసికొనువారు కలరు. కొన్నేండ్లు బాగుగా పెరిగిన మొక్క ఒకనాటికి చిగురు వేయుట మానును. నీరు పోసినను, ఎరువు వేసినను ఫలముండదు. కుండీనుండి తీసి చూచినచో కారణము కనబడును. పెరుగుటకు చోటులేక వేర్లు కుండీ గోడను చుట్టి, తమను తామే బిగించుకొని యుండును. తెలిసినవాడు అట్టి వేర్లను నాల్గవవంతు వరకు కోసి, కొత్తమట్టిలో మరల నాటును.

దయయే ధర్మమునకు మూలమని బసవేశ్వరుడు బోధించెను. ప్రాణమున్న మొక్క వేరుపై కత్తి పెట్టుట దయ యెట్లగును?

నీటిని, సారమును ఎక్కువగా పీల్చునవి కొనలయందలి లేతవేర్లు. ముదిరిన వేరు కొన తెగినచో, వెనుకనుండి పిల్లవేర్లు పుట్టును. కాని కోత యొక్కటే మేలు చేయదు. అదను చూడక కోసినను, తల్లివేరును మొదలంట నరికినను మొక్క చావవచ్చును. వేర్లు తగ్గినందుకు తగినట్లు కొమ్మలనుకూడ తగ్గించి, కొన్ని దినములు నీడన ఉంచి, తడి ఆరకుండ కాపాడవలెను. కోసి మరచినవానిది హింస. కోసి కాపాడినవానిది దయ.

మనుష్యునికి వంశాచారములు వేర్లవంటివి. అవి నిలబెట్టును, బిగిసినచో ఎదుగనీయవు. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున బాలబసవుడు ఉపనయనమును నిరాకరించి ఇల్లు విడిచెను. భక్తియను తల్లివేరును నిలుపుకొని, పుట్టుక బిగించిన వేరును తెంచుకొనెను. మొదట తెంచినది తనదే. పిదప కల్యాణమున బిజ్జలుని మంత్రియై, అన్ని కులముల శరణులను ఒక్క పంక్తికి చేర్చెను. కాయకమును, దాసోహమును వారికి కొత్తమట్టి యయ్యెను.

అయినను, లింగధారులైన కుటుంబములలోనే పెండ్లిమాట వచ్చినపుడు వరుని నడవడికంటె ముందుగా ఉపశాఖను విచారించువారు నేటికిని కలరు. బసవజయంతినాడు సమత్వమును గూర్చి ప్రసంగించినవారే ఇంటికి వచ్చి ఆ ప్రశ్న వేయుదురు. వారి మాట నమ్మి ఒక బిడ్డ ఆ కట్టును తెంచుకొని పెండ్లాడినచో, ఆ జంటను గడప తొక్కనీయరు. వేరు కోయుమని చెప్పి, కోసిన మొక్కను ఎండలో పారవేయుట ఇట్టిదే. అట్టి జంటను పెద్దలు ఇంటికి పిలిచి, మఠమువారు ప్రసాదపంక్తిలో కూర్చుండబెట్టినచో వారికి నీడయు, తడియు దొరకును.

ఉపదేశించువారు మొదట తమ వేరు చూచుకొనవలెను. పిదప నీటికుండను చేతబట్టి నిలువవలెను.