డబుల్ ప్రమోషన్: బిడ్డ తెలివి మీద ఎవరి కోరిక

చురుకైన పిల్లవాడిని ఒక తరగతి దాటించి ఆ పై తరగతిలో కూర్చోబెట్టడాన్ని తెలుగు బళ్లలో డబుల్ ప్రమోషన్ అంటారు. మూడు చదివినవాడు నాలుగు చదవకుండానే అయిదుకు వెళ్తాడు. పైకి చూస్తే ఇది హెడ్మాస్టరు ఒప్పుకుంటే తేలిపోయే వ్యవహారం. తల్లిదండ్రులు నిర్ణయానికి కూర్చున్నప్పుడు మాత్రం కాగితాలతో తేలని ప్రశ్నలు లేస్తాయి. బిడ్డకు పుట్టుకతో వచ్చిన తెలివి మీద కన్నవాళ్లకు ఎంత హక్కు ఉంది? విద్యకు వయసు నియమమా, అలవాటా? బాల్యంలోంచి ఒక ఏడాది తీసేస్తే పోయేదేమిటి? ధర్మశాస్త్రాలు, ఉపనిషత్తులు, ఇతర మతాల గ్రంథాలు వేరే పేర్లతో, వేరే సందర్భాల్లో ఈ ప్రశ్నలనే ఎదుర్కొన్నాయి.

అనంతపురం జిల్లా రాప్తాడు వంటి చోట ఈ ప్రశ్న బరువు ఎక్కువ. అనంతపురం పట్టణానికి దక్షిణాన, బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న మండల కేంద్రం ఇది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే ఎర్రనేలల సీమ. వానను నమ్ముకుని వేసే శెనక్కాయ, ఎండిపోయే బోర్లు, బెంగళూరుకు వలసలు ఇక్కడి సంసారాల లెక్కను నిర్ణయిస్తాయి. బోరు అప్పు ఉన్న ఇంట్లో బాగా చదివే బిడ్డే పెద్ద ఆశ. చదువులో ఒక ఏడు కలిసొస్తే జీతం ఒక ఏడు ముందుగా వస్తుంది, ఒక ఏడు ఫీజు తగ్గుతుంది. ఈ ఆలోచనను దురాశ అని కొట్టిపారేయడం అన్యాయం. కరువు చూసిన ఇంటికి ఏడాది అంటే ఏమిటో బాగా తెలుసు. అయినా అది ఇంటి అవసరం. బిడ్డ అవసరం దాంతో కలిసిరావచ్చు, రాకపోవచ్చు. ఈ రెండింటినీ విడదీసి చూడటమే నిర్ణయంలో మొదటి పని, కష్టమైన పని కూడా.

వయసును బట్టి తరగతి అనే ఏర్పాటు ఈ నేలకు పాతది కాదు. 1823లో బళ్లారి కలెక్టరు కాంప్‌బెల్ తన జిల్లాలోని బడుల గురించి మద్రాసు ప్రభుత్వానికి నివేదిక పంపాడు. ఇప్పటి అనంతపురం అప్పుడు బళ్లారిలోనే ఉండేది. 1882లో విడి జిల్లా అయింది. ఆ నివేదిక లెక్కకు 533 బడులు, 6,641 మంది పిల్లలు. అయిదో ఏట అక్షరాభ్యాసం చేసి పిల్లల్ని బడిలో వేసేవారు. లోపలికి వచ్చాక వాళ్లను ఎంతవరకు నేర్చుకున్నారో చూసి జట్లుగా కూర్చోబెట్టేవారు. ముందున్నవాళ్లు వెనకున్నవాళ్లకు చెప్పేవారు. అలాంటి బడిలో డబుల్ ప్రమోషన్ అనే ప్రశ్నే పుట్టదు. వయసుతో తరగతిని గట్టిగా ముడివేసింది ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వ బడి. ఆ తర్వాత కూడా పల్లెల్లో చాలామందికి పుట్టిన తేదీ అంటే బడిలో చేర్చుకున్న అయ్యవారు వేసిన తేదీయే. రాప్తాడు రైతు కార్తెలు లెక్కపెట్టుకుంటాడు గానీ విత్తనం వేసేది నేల పదును చూసి. బిడ్డకు కట్టిన వయసు కూడా కార్తె లాంటిదే. అది తయారయ్యే సమయాన్ని సుమారుగా చెబుతుంది తప్ప తయారీని రుజువు చేయదు.

ధర్మశాస్త్రం ఈ విషయాన్ని ఉపనయనం దగ్గర చర్చించింది. మనుస్మృతి మామూలుగా బ్రాహ్మణ బాలుడికి గర్భం నుంచి లెక్కించి ఎనిమిదో ఏడు, క్షత్రియుడికి పదకొండు, వైశ్యుడికి పన్నెండు అని చెప్పింది. వెంటనే మినహాయింపు ఇచ్చింది: బ్రహ్మవర్చస్సు కోరితే అయిదో ఏటనే చేయవచ్చు, బలం కోరే క్షత్రియుడికి ఆరో ఏట, సంపద కోరే వైశ్యుడికి ఎనిమిదో ఏట. అంటే ముందుగా చదువులోకి పంపడం శాస్త్రానికి తెలియని సంగతి కాదు. అయితే అయిదేళ్లవాడికి బ్రహ్మవర్చస్సు మీద కోరిక ఎక్కడిది? వ్యాఖ్యాత కుల్లూకభట్టు ఈ చిక్కును చూశాడు. కోరిక తండ్రిదేనని, అది బిడ్డకు ఆరోపించి చెప్పిన మాటని తేల్చాడు.

ఈ ఒక్క వివరణలో డబుల్ ప్రమోషన్ చర్చంతా ఇమిడి ఉంది. బిడ్డ కోరలేని వయసులో తండ్రి కోరిక దాని స్థానంలో నిలబడవచ్చు. శాస్త్రం దాన్ని ఒప్పుకుంటుంది, కానీ ఆ కోరిక అరువు తెచ్చినదని దాచిపెట్టదు. మూడో తరగతి చదివే ఎనిమిదేళ్ల బిడ్డ నోరున్న బిడ్డ. తనకు ఏం కావాలో, ఏ స్నేహితుల్ని వదిలి వెళ్లడం కష్టమో చెప్పగలదు. చెప్పగలిగే వయసు వచ్చాక కూడా తల్లిదండ్రులు తమ కోరికనే బిడ్డ కోరికగా చెలామణి చేస్తే ఆ ఆరోపణకు ఆధారం పోయినట్టే.

ఆ నియమాలు ఎవరికి వర్తించాయో కూడా చెప్పుకోవాలి. ఊళ్లో సగానికి పైగా జనానికి ఆ తలుపు ఏ వయసులోనూ తెరుచుకోలేదు. ఆడపిల్లలకు అసలే లేదు. ఇంట్లో మొదటిసారి బడికి వెళ్లిన తరానికి ‘అర్హత’ అనే మాట తమను బయట నిలబెట్టిన మాటగా గుర్తుంటుంది. అలాంటి ఇంటి బిడ్డ పై తరగతి పాఠాన్ని అందుకుంటున్నాడంటే, వయసు చాలలేదని ఆపడానికి ముందు ఏ పెద్దమనిషైనా ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

ఉపనిషత్తుల్లో తొందర తక్కువ. ఛాందోగ్యంలో శ్వేతకేతువు గురుకులానికి వెళ్లింది పన్నెండో ఏట; వేదాలన్నీ చదివి 24 ఏళ్లకు గర్వంతో తిరిగొస్తాడు. అసలు తెలుసుకోవలసినది అడిగావా అని తండ్రి ఉద్దాలకుడు ప్రశ్నిస్తే జవాబు లేదు. అదే ఉపనిషత్తులో సత్యకామ జాబాలుడి నిజాయితీని చూసి గురువు వెంటనే శిష్యుడిగా స్వీకరిస్తాడు గానీ పాఠం మొదలుపెట్టడు. బక్కచిక్కిన 400 ఆవుల్ని అప్పగిస్తాడు. అవి వెయ్యి అయ్యేదాకా తిరిగి రానని సత్యకాముడే అంటాడు. ప్రతిభ గల శిష్యుడికి ఇక్కడ దొరికింది పై తరగతి కాదు, అడవిలో గడిపిన ఏళ్లు. అయితే ఆ ఏళ్లు వృథా కాలేదు. ఎద్దు, అగ్ని, హంస, నీటికాకి అతడికి బోధించాయి. ఆగడం మంచిదని ఈ కథ చెబుతున్నట్టు తోస్తుంది. నిజానికి అది చెప్పేది ఇంకొంచెం కఠినమైనది: ఆపిన ఏళ్లలో నేర్పేవాళ్లు ఉండాలి. తెలిసిన పాఠాన్నే మళ్లీ వింటూ కిటికీలోంచి చూస్తూ కూర్చున్న బిడ్డకు దొరికేది సత్యకాముడి అడవి కాదు. శ్రమ లేకుండానే మార్కులు వస్తాయనే ఒక్క పాఠం మాత్రం వాడు నేర్చుకుంటాడు. అది చాలా ఏళ్ల తర్వాత, మొదటిసారి కష్టమైన లెక్క ఎదురైనప్పుడు దెబ్బ కొడుతుంది.

వయసుకు మించిన బాలుడి కథల్లో మహాభారతం అరణ్యపర్వంలోని అష్టావక్రుడి కథకు సాటి లేదు. తల్లి సుజాత గర్భంలో ఉండగానే తండ్రి కహోడుడి అధ్యయనంలో తప్పు పట్టుకుంటాడు. శిష్యుల ముందు చిన్నబోయిన తండ్రి ఎనిమిది వంకర్లతో పుట్టమని శపిస్తాడు. ఆ తండ్రే తర్వాత జనకుడి సభలో వంది అనే పండితుడి చేతిలో ఓడి నీటిపాలవుతాడు. పన్నెండో ఏట అష్టావక్రుడు ఆ సభకు వెళ్తే ద్వారపాలకుడు అడ్డుకుంటాడు: లోపలికి పెద్దలకే ప్రవేశం, పిల్లలకు లేదు. తల నెరిసినంత మాత్రాన పెద్ద కాడని బాలుడు వాదించి లోపలికి వెళ్తాడు, వందిని ఓడిస్తాడు, తండ్రిని వెనక్కి తెస్తాడు. తాను చేయలేనిది కొడుకు చేశాడు, మనుషులు సంతానం కోరేది ఇందుకే కదా అని అప్పుడు కహోడుడు సంతోషిస్తాడు.

ద్వారపాలకుడి వాదమే ఈ రోజు బడి ఆఫీసులో వినిపించేది. అష్టావక్రుడి జవాబు కూడా ఇంకా చెల్లుతుంది. కానీ తల్లిదండ్రులు చదవవలసింది కహోడుణ్ని. మొదట్లో బిడ్డ తెలివి తన పరువును దెబ్బతీసిందని కోపగించిన తండ్రి, చివర్లో అదే తెలివి తనను గట్టెక్కించిందని మురిసిపోతాడు. ఆ కోపం, ఈ మురిపెం రెండూ బిడ్డ తెలివిని తన పరువుతో కొలిచినవే. కొడుకు పుట్టినప్పుడు కాక జనం మెచ్చుకున్నప్పుడే తండ్రికి సంతోషమని సుమతీ శతకం నేర్పిన సమాజంలో ఈ ప్రమాదం చిన్నది కాదు. ర్యాంకు వచ్చిన పిల్లల ఫొటోలు రోడ్డు పక్క ఫ్లెక్సీల మీద వెలిసే కాలంలో అది ఇంకా పెరిగింది. బృహదారణ్యకం పాండిత్యాన్ని దాటి బాల్యంతో నిలవమంటుంది. ఆ బాల్యం అంటే తన్ను తాను చాటుకోకపోవడమని బ్రహ్మసూత్రాలు నిర్ణయించాయి. పండితుడు కూడా సాధించవలసినదిగా వేదాంతం చెప్పిన ఆ గుణం ఎనిమిదేళ్ల బిడ్డకు అడగకుండానే ఉంటుంది. తరగతి దాటించడం వల్ల అది పోనక్కర్లేదు. దాటించినందుకు చేసే ప్రచారం వల్ల తప్పకుండా పోతుంది.

ఇతర మతాలూ ప్రతిభకు, బాధ్యతకు వేర్వేరు గడియారాలు పెట్టాయి. బౌద్ధుల వినయ పిటకంలో రాహులుడి కథ ఉంది. తల్లి పంపగా తండ్రి అయిన బుద్ధుడి దగ్గర వారసత్వం అడగడానికి వెళ్లిన ఆ చిన్నవాణ్ని ఆయన సంఘంలో చేర్పించాడు. తాత శుద్ధోదనుడు ఆ దుఃఖం భరించలేక, తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఇకపై ఏ బిడ్డనూ తీసుకోవద్దని కోరాడు, అది నియమమైంది. పూర్తి భిక్షువు కావడానికి 20 ఏళ్లు నిండాలి. అయినా ఏడేళ్ల సోపాకుడు ప్రశ్నలకు సరిగా జవాబిచ్చినందుకు అతడికి ఆ హోదా దక్కిందని పాళీ వ్యాఖ్యానమైన అట్టకథ చెబుతుంది. లూకా సువార్తలో పన్నెండేళ్ల యేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని అందరినీ ఆశ్చర్యపరుస్తాడు. మూడు రోజులు వెతికిన తల్లిదండ్రులతో నజరేతుకు తిరిగి వెళ్లి వాళ్లకు లోబడి ఉంటాడు. ఆ తర్వాత సుమారు ముప్పై ఏళ్ల వయసు దాకా సువార్తకారుడు మౌనంగా ఉంటాడు. ఖురాన్ మర్యమ్ అధ్యాయం యహ్యా ప్రవక్తకు చిన్నతనంలోనే వివేకం ప్రసాదించామంటుంది. కానీ ఇస్లామీయ ధర్మశాస్త్రంలో విధులు పూర్తిగా వర్తించేది యుక్తవయసు వచ్చాకే. తెలివి ముందుగా రావచ్చు. అంతమాత్రాన బరువు ముందుగా మోపకూడదు. ఇంటి అప్పుకు సమాధానంగా బిడ్డను పై తరగతికి పంపేవాళ్లు ఆగి చూసుకోవలసిన తేడా ఇది.

ఇంత తెలివి ఎక్కడిది అన్నదానికి తెలుగిళ్లలో వినిపించే జవాబు పూర్వజన్మ సుకృతం. భగవద్గీత ఆరో అధ్యాయంలో యోగభ్రష్టుడి గురించి చెప్పినది ఇదే: వెనకటి జన్మలో సంపాదించిన బుద్ధి కొత్త జన్మలో తిరిగి అందుతుంది, అక్కడినుంచి సాధన సాగుతుంది. దీన్ని నమ్మేవాళ్లు దాని పర్యవసానాన్నీ ఒప్పుకోవాలి. ఆ బుద్ధి బిడ్డ సొంత ఆర్జన. తల్లిదండ్రులు దానికి కాపలాదారులు. కాపలాదారు ఆ సొత్తును తాకట్టు పెట్టలేడు, పాడుపెట్టనూ లేడు. నమ్మనివాళ్లు కూడా వేరే దారిలో ఇక్కడికే చేరతారు. యాదృచ్ఛికంగా దక్కిన తెలివికి ఎవరూ గొప్ప చెప్పుకోలేరు కాబట్టి.

తరగతి దాటిన పిల్లలు మానసికంగా చితికిపోతారన్న భయానికి పరిశోధన బలం లేదు. 1971లో జూలియన్ స్టాన్లీ జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో గణితంలో అసాధారణ ప్రతిభ గల పిల్లల అధ్యయనం మొదలుపెట్టాడు. దాన్ని కొనసాగించిన లుబిన్‌స్కీ, బెన్‌బో బృందం 35 ఏళ్ల పరిశీలన ఫలితాలను 2020లో ప్రచురించింది. చదువులో ముందుకు జరగడానికీ నడివయసులో మనసు కుంగడానికీ సంబంధం కనిపించలేదు. అయితే అమెరికాలోని అయోవాలో తయారైన నిర్ణయ పట్టిక కొన్ని చోట్ల గట్టిగా ఆగమంటుంది: బిడ్డకు ఇష్టం లేకపోతే దాటించవద్దు, దాటాక చేరే తరగతిలో తోబుట్టువు ఉన్నా వద్దు. అన్నాతమ్ముళ్లు, అక్కాచెల్లెళ్లు ఒకే బడిలో చదివే పల్లెలో రెండోది చాలా ముఖ్యం. తొమ్మిదేళ్ల చెల్లెలు వచ్చి పక్క బెంచీలో కూర్చుంటే అక్కకు అది ప్రతిరోజూ చదివే తీర్పు అవుతుంది. ఒక బిడ్డకు న్యాయం చేయబోయి మరో బిడ్డను తక్కువ చేయడం తల్లిదండ్రుల ధర్మం కాదు.

తెలివి అన్ని వైపులా సమానంగా పెరగదన్నది మరో చిక్కు. లెక్కల్లో లోకాన్ని మించిన రామానుజన్ మిగతా సబ్జెక్టులు పట్టించుకోక కుంభకోణం కాలేజీలో స్కాలర్‌షిప్పు పోగొట్టుకున్నాడు. అలాంటివాడికి మొత్తం తరగతి దాటించడం కన్నా లెక్కల పాఠానికి మాత్రం పై తరగతికి పంపడం మేలు. హైదరాబాదుకు చెందిన టేబుల్ టెన్నిస్ క్రీడాకారిణి నైనా జైస్వాల్ ఎనిమిదేళ్లకే పదో తరగతి స్థాయి పరీక్ష, పదమూడేళ్లకు డిగ్రీ పూర్తిచేసింది. ఆమెది ఇంటి దగ్గర తల్లిదండ్రులు నేర్పిన చదువు, తరగతి గదిలో పెద్దపిల్లల మధ్య గడిపినది కాదు. రోజంతా చేలోనో బెంగళూరులోనో పనిచేసే తల్లిదండ్రులకు ఆ దారి అందదు. ఈ సీమ మరో దారి చూసింది. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 1971లో సర్వేల్‌లో, ఆ తర్వాత హిందూపురం దగ్గర కొడిగెనహళ్లిలో, తాడికొండలో గురుకుల పాఠశాలలు తెరిచారు. పల్లె పిల్లల్ని ప్రవేశపరీక్షతో ఏరి, తమలాంటివాళ్ల మధ్య ఉంచి చదివించారు. లేపాక్షిలోని నవోదయ విద్యాలయానిదీ ఇదే పద్ధతి. అక్కడ ఎవరూ తరగతి దాటరు; తరగతే బిడ్డ స్థాయికి లేస్తుంది. చురుకైన బిడ్డకు చాలాసార్లు కరువైనది పై పుస్తకం కన్నా సాటి మనిషి. అందుకే ఈ ప్రవేశపరీక్షలు రాయించే వీలున్న ఇంట్లో డబుల్ ప్రమోషన్ తొందర తగ్గుతుంది.

ఇలాంటి దారి లేనిచోట, బిడ్డ తానే కోరుకుంటున్నచోట, పాఠం చెప్పే టీచరు కూడా అవునన్నచోట దాటించకపోవడమే అన్యాయం. అప్పుడు కూడా ఒక త్రైమాసికం చూసి, ఇమడకపోతే వెనక్కి రావచ్చని ముందే బిడ్డకు చెప్పాలి. చుట్టుపక్కల చాటింపు లేకపోతేనే ఆ వెనక్కి రావడం సాధ్యపడుతుంది. మిగిలిన ఏడాది ఏమవుతుందో కూడా ముందే చూసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి పరీక్షకు ఆ విద్యాసంవత్సరం ఆగస్టు 31 నాటికి 14 ఏళ్లు నిండాలన్న నిబంధన ఉంది. తక్కువైతే వయసు సడలింపుకు దరఖాస్తు చేసుకోవాలి. వైద్యవిద్యకు నీట్ రాయాలంటే డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాల్సిందే. డాక్టరు కావాలన్న బిడ్డకు నాలుగో తరగతి దాటించి మిగిల్చిన ఏడాది ఆ గేటు దగ్గర తిరిగి ఎదురుచూపుగా రావచ్చు. ఆ ఏడాది బిడ్డకు నచ్చిన చదువుకో, ఊళ్లో తిరగడానికో పోతుందా, లాంగ్ టర్మ్ కోచింగ్ హాస్టలుకు పోతుందా అన్నది కూడా మూడో తరగతి ముగిసిన వేసవిలోనే మాట్లాడుకోవలసిన విషయం.