వెలుఁగు ఋణము

మా పెద్దేములునకు సమీపమున నున్న తాండూరు సిమెంటు బట్టీలకు బొగ్గే యాహారము. 1889లో ఇల్లెందు ప్రాంతమున త్రవ్వకము మొదలైననాఁటనుండి సింగరేణి బొగ్గు ఎల్లలు దాఁటుచునే యున్నది; రాయచూరు విద్యుత్కేంద్రము దానినిఁ గాల్చియుఁ గన్నడసీమకు వెలుఁగిచ్చినది.

2022 నాఁటికి రామగుండము జలాశయముపై 100 మెగావాట్ల సౌరఫలకములు తేలినవి. పొగలేదు, బూడిదలేదు, సంతోషింపవలసినదే. అయితే వానికి గనులకువలె వేలకొలఁది చేతులక్కఱలేదు. గని మూఁతపడిననాఁడు ఆ నష్టము కొత్తగూడెము, మందమఱ్ఱి కార్మికులదే యని పొరుగువారు తప్పుకొనుట న్యాయమా? బొగ్గుపొడి పీల్చినది వారు. దీపము క్రిందఁ జదువుకొన్నది మనము.

ఉభయరాష్ట్రములును ఒడంబడి, నూతనవిద్యుత్తు వెలలో నొకపాలు గనులున్న యూళ్ల జీవనోపాధికై తీసియుంచవలయునని నా తలంపు. ఇది విని మా గృహిణి, "అట్లైన మన కరెంటు బిల్లు పెరుగదా?" యని యడిగినది.

పెరుగును.