పండు కొరికిన గబ్బిలం దొంగ అవుతుందా?

నూజివీడు మామిడికి పెట్టింది పేరు. బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం పక్వానికి వచ్చే వేసవిలో తోట కాపలా అంటే మాటలు కాదు. పగలు కోతులు, రాత్రి నాలుగడుగుల రెక్కల గబ్బిలాలు. అప్పు తెచ్చి తోట కౌలుకు తీసుకున్న సోదరునికి ప్రతి కాయా లెక్కే. “ఈ దొంగల్ని చంపితే తప్పేమిటి?” అని అతను అడిగితే మేము తేలికగా కొట్టివేయలేము.

అయితే ‘దొంగ’ అన్న మాటను కాస్త పరిశీలిద్దాం. పరాయి సొమ్మని తెలిసి తీసుకున్నప్పుడే అది దొంగతనం. గబ్బిలానికి గట్టు తెలియదు, పట్టా తెలియదు. పెంపుడు జీవాలు చేను మేస్తే యజమానిని అడగవచ్చు. దావూద్, సులైమాన్ (అలైహిముస్సలాం) గార్ల ఎదుటకు వచ్చిన అలాంటి తగవును దివ్య ఖుర్ఆన్ అంబియా సూరాలో ప్రస్తావించింది. మరి అడవి జీవికి యజమాని ఎవరు? అల్లాహ్ తప్ప మరెవరూ లేరు. నేలపై సంచరించేవీ, రెక్కలతో ఎగిరేవీ మనలాంటి సముదాయాలేనని అన్ఆమ్ సూరా తెలుపుతోంది.

మారిషస్ ద్వీపంలో మామిడి, లిచీ తోటల కోసమంటూ 2015, 2016లలో ప్రభుత్వమే వేలాది గబ్బిలాలను చంపించింది. రైతుల లాభం పెరగలేదు. ఆ జాతి మాత్రం 2018లో అంతరించే ముప్పున్న జీవుల జాబితాకెక్కింది. ఏడాదికి ఒక్క పిల్లను కనే జీవి అంత త్వరగా కోలుకోదు. మన ఇప్పచెట్ల పూలలో పుప్పొడి మోసేదీ, వాటి గింజలను దూరాలకు చేర్చేదీ ఈ గబ్బిలాలే.

విశ్వాసి నాటిన చెట్టు నుండి మనిషిగానీ, పక్షిగానీ, పశువుగానీ తిన్నది అతనికి సదఖా అవుతుందని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) శుభవార్త ఇచ్చారు. “సదఖాతో అప్పు తీరుతుందా?” అని కౌలుదారుడు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. సొత్తును కాపాడుకోవడం అతని హక్కు. కాయలకు కాగితపు సంచులు కట్టవచ్చు, చెట్టుకు బిగువైన వల కప్పవచ్చు, పక్వానికి వచ్చిన కాయను ఆలస్యం చేయక కోయవచ్చు. జీవి చిక్కుకుని రోజుల తరబడి వేలాడే సన్నని వల, కరెంటు తీగ మాత్రం కాపలా కాదు, హింస. పిల్లిని బంధించి ఆకలితో చంపిన స్త్రీ నరకం పాలయిందన్న హదీసును మరువరాదు. కొరికిన పండును మాత్రం ఎవరూ తినవద్దు. గబ్బిలాల నుండి నిపా వంటి వ్యాధి సోకే ప్రమాదం ఉంది.

ఇక తోట యజమానులకొక మాట. పండ్లు అమ్మిన తరువాత పంట విపత్తు పాలైతే కొన్నవాని భారం తగ్గించమని దైవప్రవక్త (స) ఆదేశించారు. కాపు దెబ్బతిన్న ఏడాది కౌలులో కొంత వదులుకునే యజమాని ఎందరున్నారు? మూగజీవిని దొంగ అనడం సులువు. సాటి సోదరుని నష్టంలో పాలు పంచుకోవడమే కష్టం. గబ్బిలం తిన్న పండుకు రేపు గబ్బిలాన్ని ప్రశ్నించరు. మనం వసూలు చేసిన ప్రతి రూపాయికీ మనల్ని ప్రశ్నిస్తారు.

మూగజీవుల పట్ల దయనూ, లావాదేవీల్లో న్యాయాన్నీ అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.