ఆవని గుర్రం, బెంగళూరు పందెం

కోలారు జిల్లా ముళబాగిలు తాలూకాలోని ఆవనిలో పిల్లలకు ఓనమాలకంటే ముందే ఒక గుర్రం కథ వచ్చేస్తుంది. శ్రీరాముడు విడిచిన యాగాశ్వాన్ని లవకుశులు పట్టి కట్టేసింది ఈ కొండ దగ్గరేనని ఊరి నమ్మకం. కొండ మీద వాల్మీకి ఆశ్రమమని చెప్పుకునే చోటు, సీతమ్మ కవలల్ని కన్నదని చూపించే గుహ, సీతాపార్వతి గుడి ఉన్నాయి. కింద, నొళంబ రాజుల కాలంనాటి ఆలయాలు, సుమారు పదో శతాబ్దానివి, ఒకే ప్రాకారంలో నిలిచి ఉన్నాయి. రామలింగేశ్వరుడు, లక్ష్మణేశ్వరుడు, భరతేశ్వరుడు, శత్రుఘ్నేశ్వరుడు అంటూ అన్నదమ్ములు నలుగురి పేరా లింగాలున్నాయి. తమ ఇంటి బిడ్డలతోనే యుద్ధం చేసిన పాపం పోవడానికి వాళ్ళు వీటిని ప్రతిష్ఠించారని స్థలపురాణం.

అలాంటి ఊళ్ళో పెరిగినవాడు గుర్రప్పందేలు చూడాలనుకుంటే సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరుకు బస్సెక్కాలి. రేసులకు పోతున్నానని ఇంట్లో చెబితే పెద్దవాళ్ళు ఒప్పుకోరు. అది జూదం, జూదం పాపం అంటారు. అదే పెద్దవాళ్ళు శివరాత్రి జాతరలో లవకుశుల గుర్రం కథను కళ్ళు చెమర్చేలా చెబుతారు. ఒక గుర్రం పుణ్యకథ ఎలా అయింది, ఇంకో గుర్రం పాపం ఎలా అయింది? ఈ ప్రశ్నకు మన పురాణాలు, ధర్మశాస్త్రాలు, న్యాయస్థానాలు వేరువేరు జవాబులు చెప్పాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తేనే అసలు పాపం ఎక్కడుందో తెలుస్తుంది.

మెజెస్టిక్‌లో బస్సు దిగితే రేస్‌కోర్సు ఎంతో దూరం లేదు. లోపలికి మొదటిసారి అడుగుపెట్టినవాడి కళ్ళు ముందు డబ్బు మీద పడవు, గుర్రం మీద పడతాయి. రేసుకు ముందు పాడక్‌లో సైసులు గుర్రాలను చుట్టూ నడిపిస్తుంటారు. 450, 500 కిలోల శరీరం, దాన్ని మోసే సన్నని కాళ్ళు, చర్మం కింద తేలిన నరాలు, ఒక్క క్షణం కూడా నిలకడగా ఉండని చెవులు. సినిమాల్లో రథానికి కట్టిన గుర్రాలనే చూసిన మనిషికి ఇంత దగ్గరగా ఈ ప్రాణి కనబడగానే నోట మాట రాదు. పక్కన రేసు పుస్తకం మడిచి పట్టుకున్న పెద్దమనిషి ఆ తెల్లబోయిన ముఖం చూసి పలకరిస్తాడు. "ఏమప్పా, యా గుర్రం మీద వేసినావు?"

కొత్తవాడికి తెలియని లోకం ఒకటి అక్కడే, తూకం గదిలో ఉంది. హ్యాండికాప్ రేసులో వరసగా గెలుస్తూ వచ్చిన గుర్రానికి ఎక్కువ బరువు, వెనకబడ్డ గుర్రానికి తక్కువ బరువు కేటాయిస్తారు. జాకీ జీనుతో సహా తూకం మీద నిలబడతాడు. కేటాయించిన బరువుకు అతను చాలకపోతే జీను అరల్లో సీసం పలకలు దూర్చి లెక్క సరిచేస్తారు. రేసు అయ్యాక మళ్ళీ తూగాలి. అప్పుడు బరువు తగ్గిందని తేలితే ముందొచ్చిన గుర్రం గెలుపు కూడా చెల్లదు. నిన్నటి గెలుపే ఇవాళ సీసమై వీపెక్కి కూర్చుంటుందన్నమాట. ప్రారబ్ధం గురించి ప్రవచనాల్లో విన్నవాడికి ఇక్కడ అది కిలోల్లో కనిపిస్తుంది.

రేసు మాత్రం చూస్తుండగానే అయిపోతుంది. 1200 మీటర్ల పరుగుకు నిమిషంపావు చాలు. టోట్ అనే పందెం పద్ధతిలో వేసిన డబ్బంతా ఒకచోట పోగవుతుంది, అందులో పన్నూ క్లబ్బు వాటా తీసేయగా మిగిలింది గెలిచిన టికెట్లవాళ్ళు పంచుకుంటారు. జోసెఫ్ ఓలర్ 1867లో ఫ్రాన్సులో మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఇందులో గెలిచినవాడికి డబ్బిచ్చేది క్లబ్బు కాదు, ఓడిపోయినవాళ్ళు. కౌంటరులో చేయి చాచి నోట్లు తీసుకునే కొత్తవాడికి ఆ ఓడినవాళ్ళ ముఖాలు కనిపించవు.

ఇంతకీ ఇది జూదమేనా? మన దేశ చట్టం దీన్ని నైపుణ్యం అనే కొలతతో కొలిచింది. తమిళనాడు ప్రభుత్వం రేసులను నిషేధిస్తూ 1974లో చట్టం చేసింది, 1986లో మద్రాసు రేస్ క్లబ్బును స్వాధీనం చేసుకోవడానికి మరో చట్టం తెచ్చింది. ఆ వివాదంలో 1996 జనవరి 12న సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, గుర్రప్పందెంలో ప్రధానమైనది నైపుణ్యమే గాని అదృష్టం కాదంది. గుర్రం వంశం, శిక్షణ, జాకీ సామర్థ్యం, మోసే బరువు, పరుగు దూరం తెలిసి లెక్కకట్టేవాడు జూదరి కాడన్నది దాని సారాంశం. అంతకు చాలా ముందే, 1967లో, సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో రమ్మీకి కూడా అదే కోర్టు ఇలాంటి మినహాయింపే ఇచ్చింది.

మనుస్మృతి కొలత వేరు. ప్రాణంలేని పాచికలతో ఆడేది ద్యూతం, ప్రాణులతో ఆడేది సమాహ్వయం అని విడదీసి, రెండింటినీ రాజు రాజ్యంలో లేకుండా చెయ్యాలంది. కౌటిల్యుడు అంత దూరం పోలేదు. జూదాన్ని ఒకచోట, ఒక అధికారి కనుసన్నల్లో జరిపించి, గెలుపులో నూటికి 5 వంతులు ఖజానాకు తీసుకోమన్నాడు. నేటి ప్రభుత్వాలు నడుస్తున్నది కౌటిల్యుడి దారిలోనే.

వేదకాలానికి వెళితే విషయం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. పందెం అక్కడ పాపం కాదు సరిగదా, యజ్ఞంలో భాగం. వాజపేయంలో 17 రథాలు పరుగుతీస్తాయి. రాజసూయంలో పాచికలు వేస్తారు. రెండింటిలోనూ గెలవవలసింది యజ్ఞం చేసే యజమానే, ఫలితం ముందే ఖాయం. ఐతరేయ బ్రాహ్మణంలో దేవతలే పందెం వేసుకుంటారు. అగ్ని కంచరగాడిదల రథంతో, ఉషస్సు ఎర్రని ఆవులతో, ఇంద్రుడు గుర్రాలతో, అశ్వినులు గాడిదలతో బయల్దేరితే గెలిచింది అశ్వినులు. ఆ పరుగుతోనే గాడిద వేగమంతా కరిగిపోయిందని అక్కడే చెబుతారు. దేవతల గెలుపుకు కూడా ఖర్చు పెట్టింది పరుగెత్తిన ప్రాణే.

అలాగని వేదం జూదాన్ని వెనకేసుకు రాలేదు. ఋగ్వేదం పదో మండలంలోని జూదరి సూక్తంలో ఆటగాడు ఆలిని, అత్తింటి ఆదరాన్ని, ఇంటి పరువును పోగొట్టుకుని కుమిలిపోతాడు. చివరికి సవితృదేవుడు అతనికిచ్చే సలహా, పాచికలు మాని చేను దున్నుకోమని.

మన ఇతిహాసంలో గుర్రం మీద వేసిన పందెం మహాభారతం ఆదిపర్వంలోనే వస్తుంది. ఉచ్చైశ్శ్రవం తోక నల్లనిదని కద్రువ, గుర్రమంతా తెల్లనిదేనని వినత పంతం పట్టారు. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళకు దాసి కావాలి. తోకను చుట్టుకుని నల్లగా కనబడేలా చెయ్యమని కద్రువ తన కొడుకులైన పాములను పురమాయించింది. కాదన్న పాములను జనమేజయుడి సర్పయాగంలో కాలిపోవాలని శపించింది. ఆ మోసంతో వినత దాసి అయింది. ఆమెను విడిపించడానికి కొడుకు గరుత్మంతుడు అమృతం కోసం దేవతలతో పోరాడవలసి వచ్చింది. ఆ గుర్రానికి ఇదేదీ తెలియదు. వినత పరిశీలన సరైనదే, నైపుణ్యానికి లోటు లేదు. తప్పంతా పణంగా పెట్టినదాంట్లో ఉంది, మోసంలో ఉంది. ఇద్దరాడిన పందానికి కూలి చెల్లించింది వాళ్ళ బిడ్డలు. పల్నాటిలో కోడిపందెం ఓడి మలిదేవుడి పక్షం ఏడేళ్ళు ఊళ్ళు విడిచిపోవడం, ఆ పగ కారెంపూడి యుద్ధం దాకా సాగడం తెలుగువాళ్ళందరికీ తెలిసిన కథే.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. రైతు చేసేది మాత్రం పందెం కాదా? కోలారు జిల్లాలో 1000 అడుగులు దాటి బోరు దింపినా నీళ్ళు పడతాయన్న భరోసా లేదు. టమాటా మార్కెట్టులో పెట్టె ధర ఇవాళ ఒకలా, వారానికి ఇంకోలా ఉంటుంది. పక్కనే ఉన్న కేజీఎఫ్ బంగారు గనుల్లో 1880ల్లో లండన్ వాటాదారులు పెట్టిన డబ్బు దాదాపు మునిగిపోయాక గాని బంగారపు చాంపియన్ పొర దొరకలేదు. పెట్టుబడి పోవచ్చన్న భయం వీటన్నిటిలోనూ ఉంది. అయితే ప్రమాదానికి ఎదురు నిలవడమే పాపమైతే వ్యవసాయం కూడా పాపమే కావాలి.

తేడా ఫలం దగ్గర ఉంది. బోరు వేసిన రైతు ఓడినా గెలిచినా దుక్కి అతనిది, చెమట అతనిది, పంటా అతనిదే. కర్మచేసే అధికారమే మనిషిదనీ, ఫలం మీద కాదనీ గీత చెబుతుంది. రేసు మైదానంలో ఇది పూర్తిగా తలకిందులవుతుంది. కర్మ గుర్రానిది, జాకీది, తెల్లవారుజామున లేచి దాన్ని తోమే సైసుది. ఫలం మీద హక్కు మాత్రం కంచెకు ఇవతల అరుస్తున్నవాడిది. ఒక్క అడుగు పరుగెత్తకుండా ఫలాన్ని మాత్రమే కొనుక్కునే చోటు అది. గణితం ఎంత తెలిసినా, గుర్రాల వంశావళి నోటికొచ్చినా ఈ లెక్క మారదు. కాబట్టి కోర్టు వాడిన నైపుణ్యమనే కొలత శిక్ష వేయడానికో, వేయకపోవడానికో సరిపోతుంది గాని మనసుకు సమాధానం చెప్పడానికి చాలదు.

కొత్తవాడు మొదటిరోజే గెలవడంలోని చిక్కు కూడా ఇదే. గెలిచినవాడు నా తెలివి అంటాడు, ఓడినవాడు నా రాత అంటాడు. ఒకే మనిషి గంట తేడాలో రెండూ అంటాడు. ఆవనికి దగ్గర్లోని ముళబాగిలులో 1887లో పుట్టిన డి.వి.గుండప్ప, తన 'మంకుతిమ్మన కగ్గ'లో బతుకును జట్కాబండిగా ఊహించి, తోలేది విధి అనీ, లాగే గుర్రం మనిషే అనీ కన్నడంలో రాశాడు. రేసుకు వెళ్ళినవాడు తనను తాను చూసేవాళ్ళలో ఒకడనుకుంటాడు. గుండప్ప అతన్ని తీసుకొచ్చి కళ్ళెం కింద నిలబెట్టాడు. ఆ చోటు నుంచి చూస్తే కొరడా దెబ్బ ఎవరికి తగులుతుందో, కాలు విరిగితే ఎవరి పని అయిపోతుందో అర్థమవుతుంది. పరుగులో కాలెముక విరిగి కోలుకోదని తేలిన గుర్రాన్ని పశువైద్యులు అక్కడే చంపేయడం ప్రపంచమంతటా రేసుల్లో ఉన్నదే. అశ్వమేధంలో కూడా చివరికి బలయ్యేది గుర్రమే. పాత యజ్ఞమైనా కొత్త క్రీడైనా ఈ ఒక్క విషయంలో తప్పించుకోలేవు.

ఆవని స్థలపురాణం విలువ ఇక్కడ తెలుస్తుంది. వాల్మీకి ఉత్తరకాండలో తండ్రీకొడుకుల యుద్ధం లేదు. నైమిశారణ్యంలో యాగం జరుగుతుండగా కుశలవులు రామాయణం గానం చేస్తారు, అంతే. గుర్రాన్ని కట్టేయడం, రాముడి సేనలు ఓడిపోవడం జైమిని భారతం వంటి గ్రంథాల్లో వచ్చింది. 1963 నాటి 'లవకుశ' సినిమాతో తెలుగువాళ్ళ ఇళ్ళల్లోకి వచ్చేసింది. యాగాశ్వాన్ని విడవడం చక్రవర్తి వేసే పెద్ద పందెం, అది నడిచిన నేలంతా తనదన్న సవాలు. ఆ సవాలుకు ఎదురు నిలిచినవాళ్ళు సొంత బిడ్డలని తేలినప్పుడు, గుర్రం తిరిగి దక్కిందని సంతోషించి వెళ్ళిపోలేదు ఆవని కథలోని రాముడు. తన గెలుపు కోసం దెబ్బ తిన్నదెవరో చూసి ప్రాయశ్చిత్తం చేసుకున్నాడు. ఏ గ్రంథంలో ఉన్నా లేకున్నా, ఊరివాళ్ళు కథను అక్కడిదాకా తీసుకెళ్ళారు. పెద్దవాళ్ళ దృష్టిలో ఈ గుర్రం పుణ్యకథ కావడానికి కారణం గుర్రం కాదు, ఆ ప్రాయశ్చిత్తం.

గెలిచాక ఎలా నడుచుకోవాలన్న ప్రశ్న మహాభారతంలోనూ ఉంది. గుర్రం విద్య, పాచికల విద్య రెండూ ఒక్క మనిషిలో కలిసిన కథ అరణ్యపర్వంలోని నలోపాఖ్యానం. సోదరుడు పుష్కరుడితో ఆడి రాజ్యం పోగొట్టుకున్న నలుడిని, ఇక మిగిలింది నీ భార్య దమయంతే, ఆమెను ఒడ్డమని పుష్కరుడు రెచ్చగొట్టాడు. నలుడు ఒడ్డలేదు. ఒంటిమీది నగలు తీసేసి, కట్టుబట్టతో లేచిపోయాడు. తరవాత బాహుకుడనే మారుపేరుతో ఋతుపర్ణ మహారాజు రథం తోలుతూ, దారిలో ఒక తానిచెట్టు ఆకులూ కాయలూ ఎన్నో రాజు ఒక్క చూపులో చెప్పగా, దిగి లెక్కపెట్టి నిజమేనని తెలుసుకున్నాడు. త్రిఫల చూర్ణంలో వాడే ఈ తానికాయలే ఆ కాలపు పాచికలు. అశ్వహృదయం ఇస్తానని ఒప్పుకుని అక్షహృదయం నేర్చుకోగానే అతన్ని ఆవహించి ఉన్న కలి ఒంట్లోంచి బయటికొచ్చి ఆ చెట్టులో దూరాడు. విచిత్రంగా, విద్య వచ్చాక పుష్కరుడిని మళ్ళీ ఆటకు పిలిచినప్పుడు నలుడు దమయంతిని కూడా పణంలో పెట్టాడు. ఓటమి లేదని తెలిసిన ధీమా అది. కాని చేతగానప్పుడు కాదన్న పని చేతనైనప్పుడు చేశాడంటే, నైపుణ్యం మనిషిని ఎంత దూరం తీసుకెళ్ళగలదో కథ దాచకుండా చెప్పింది.

అయినా వ్యాసుడు ఆ ఆటను గెలుపుతో ఆపలేదు. తనను అడవులపాలు చేసిన పుష్కరుడిని నలుడు దాసుడిగా చేసుకోలేదు. ప్రాణంతో పాటు అతని వాటా అతనికిచ్చేసి, కౌగిలించుకుని, నెల రోజులు ఆదరించి సొంత ఊరికి పంపించాడు. ఈ కథ వింటున్న ధర్మరాజు అప్పటికే తమ్ముళ్ళనూ ద్రౌపదినీ పాచికల్లో ఒడ్డి అడవికి వచ్చినవాడు. కథ చెప్పిన బృహదశ్వ మహర్షి వెళ్ళేముందు అతనికి అక్షహృదయం ఉపదేశించాడు. ఆ తరవాత విరాటుడి కొలువులో కంకుభట్టుగా ధర్మరాజు పాచికలాడాడు, అక్కడే నకులుడు గుర్రాలు కాశాడు. ఆ ఆటల్లో ధర్మరాజు గెలుచుకున్న డబ్బు రహస్యంగా తమ్ముళ్ళకే చేరింది. మనిషిని మాత్రం అతను మళ్ళీ ఎన్నడూ పణంగా పెట్టలేదు.