ఐగుప్తులోని ఎర్రగడ్డలు



సంఖ్యాకాండము పదునొకండవ అధ్యాయము చదువునప్పుడు మనకు కొంచెము నవ్వు వచ్చును. అరణ్యములో మన్నా తినుచున్న ఇశ్రాయేలీయులు ఐగుప్తును తలంచుకొని ఏడ్చిరి. వారికి జ్ఞాపకము వచ్చినవి చేపలు, దోసకాయలు, మన నెల్లూరు వాడుకలో చెప్పవలెనన్న ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు. ఇటుకలు జ్ఞాపకము రాలేదు. కొరడా జ్ఞాపకము రాలేదు. ఏటిలో పారవేయబడిన మగబిడ్డలు జ్ఞాపకము రాలేదు.

అయితే ద్వితీయోపదేశకాండమునకు వచ్చునప్పటికి, నీవు ఐగుప్తులో దాసుడవై యుండిన సంగతి మరువవద్దని దేవుడే పలుమారు చెప్పుచున్నాడు. ఒకచోట తలంచుకొన్నందుకు కోపము, మరియొకచోట తలంచుకొనుమని ఆజ్ఞ. ఈ రెండు జ్ఞాపకములకు భేదమేమి? మా సంఘములోని ఒక ముసలి తల్లి ఈ ప్రశ్నను మా యెదుట పెట్టెను. ఆమె వాక్యమెత్తి అడుగలేదు. మనుమరాలి పెండ్లి మాటల సందర్భమున అడిగెను. ఆమె అడిగినది మద్రాసులో ఇప్పుడు లేని ఒక వీధిని గూర్చి గనుక, మన పల్లెలకు ఆ వీధితో గల సంబంధము ముందుగా చెప్పవలెను.

మన తీరము వెంబడి పోవు బకింగ్‌హామ్ కాలువను ఎరుగనివారు లేరు. 1806లో మద్రాసు నుండి ఎన్నూరు వరకు త్రవ్వబడిన కాలువ, క్రమముగా మన ఉప్పు నేలల మీదుగా ఉత్తరమున పెదగంజాము వరకు సాగెను. 1876-78 సంవత్సరముల గొప్ప కరవులో వేలమంది కూలి గింజల కొరకు దానిలో పార పట్టిరి. ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు మూడు మైళ్లకు పైగా త్రవ్వకమును గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి పని కల్పించిరి. గవర్నరు ప్రభువు పేరు కాలువకు నిలిచినది. త్రవ్వినవారి పేర్లు ఏ రాతి మీదను లేవు.

ఆ కాలువలో పడవలు మన తీరపు ఉప్పును, శ్రీహరికోట అడవి కట్టెలను పట్నమునకు చేర్చుచుండెను. ఉప్పుతోను కట్టెలతోను మనుష్యులును వెళ్లిరి. తరువాత రైలు వచ్చెను. మన తాతలకు పట్నమనిన చెన్నపట్నమే. కొందరు రేవులో మూటలు మోసిరి. మద్రాసు కార్పొరేషనులో వీధులు ఊడ్చు పనికి నెల్లూరు, ఒంగోలు సీమల తెలుగువారు తరతరములుగా వెళ్లిరి. నేటికిని చెన్నైలో ఆ పని చేయువారిలో ఇంట తెలుగు మాటలాడువారు అనేకులు. మరికొందరికి పెరంబూరు మిల్లులలో పని దొరికెను. బకింగ్‌హామ్ మిల్లు, కర్నాటిక్ మిల్లు అను ఆ రెండు నూలు మిల్లులు 1920లో ఒక్క కంపెనీగా కలిసినవి. బి అండ్ సి మిల్లు ఖాకీ గుడ్డ అనిన దేశమంతట పేరు.

మేము చెప్పబోవు వీధి ఆ మిల్లులకు దాపున, వ్యాసర్పాడి వైపు కాలువ గట్టున ఉండెను. దాని పేరు వ్రాయము. అక్కడ పుట్టి పెరిగినవారి పిల్లలు మన సంఘములలో ఉన్నారు. వారిలో కొందరు ఆ పేరు వినబడుట ఇష్టపడరు. ఎందుకు ఇష్టపడరన్నదే నేటి మా మాట.

ఆ వీధిలో ఇల్లనిన ఒక గది. గదికి ముందు చాపంత తిన్నె. ఇరువది, ముప్పది గడపలకు ఒక్క కుళాయి. తెల్లవారుజామున నీళ్లు వచ్చునప్పటికి బిందెలు వరుసగా కూర్చుండియుండెను, మనుష్యులు వాటి ప్రక్కన నిద్రపోవుచుండిరి. మిల్లు కూతతో వీధి లేచుచుండెను. ఆ కూతను బట్టియే పొయ్యి వెలిగించుట, బిడ్డకు పాలిచ్చుట, మొగనికి క్యారియరు కట్టుట. పిల్లలు వీధిలో అరవము, ఇంటిలో తెలుగు మాటలాడిరి, దెబ్బలాడునప్పుడు రెండును. ఒకామె కానుపునకు పోయిన ఆమె పిల్లలు ప్రక్క గదిలో తినిరి, ఎవరును లెక్క వ్రాయలేదు. చీటీలు వేసికొని ఒకరి తరువాత ఒకరు పిల్లల ఫీజులు కట్టిరి. ఆదివారము సాయంకాలము ఒక గదిలో ప్రార్థన కూటము. గదిలో పట్టనివారు తిన్నె మీద, తిన్నె మీద పట్టనివారు వీధిలో.

వీటికంటె మన పల్లెలు ఎక్కువగా జ్ఞాపకముంచుకొనవలసిన సంగతి మరియొకటి కలదు. మన ఊళ్లలో ఎవరికైన పెద్ద జబ్బు చేసిన పట్నములోని జనరల్ ఆసుపత్రికి తీసికొనిపోవుదురు. కన్ను పోవుచున్నదనిన ఎగుమూరు కంటి ఆసుపత్రికి. రోగి ఆసుపత్రిలో పండుకొనును. వెంట వచ్చినవారు ఎక్కడ పండుకొనవలెను? సత్రములో ఉండుటకు డబ్బు ఎవరి వద్ద నున్నది? బేసిన్‌బ్రిడ్జి దాటి సెంట్రల్‌లో దిగి, చిరునామా చీటీ చేతబట్టుకొని, ఆ వీధికే వెళ్లుచుండిరి. అయిదుగురు పండుకొను గదిలో ఎనిమిదిమంది పండుకొనిరి. ఇంటి మగవారు తిన్నె మీదకు, తిన్నె మీదివారు రోడ్డు మీదకు జరిగిరి. మా నాయనగారి కంటి చికిత్స నిమిత్తము మేమును బాల్యమున రెండు పర్యాయములు ఆ వీధిలో నిద్రించితిమి. ఒక పల్లె నుండి వచ్చినవారని తప్ప మాకును ఆ ఇంటివారికిని వేరు చుట్టరికము లేదు. వచ్చునప్పుడు మేము తీసికొనిపోయినది ఒక సంచి ఎండు చేపలు.

ఇవి ఎర్రగడ్డలు. ఇక ఇటుకలు.

కార్తీక మాసపు వానలలో కాలువ పొంగి గదులలోనికి వచ్చుచుండెను. మంచము మీద మంచమువేసి, పైన బియ్యపు డబ్బాను, దాని ప్రక్కన ముసలివారిని కూర్చుండబెట్టిరి. ఆడవారు బయటికి పోవలెనన్న చీకటి పడువరకు ఓర్చుకొనవలెను. నూలు దుమ్ము పీల్చి పీల్చి దగ్గుచు నలుబది ఏండ్లకే ముసలివారైన మగవారుండిరి. జీతము రోజున సారా అంగడి దాటి ఇల్లు చేరని మగవారును ఉండిరి. ఆ రాత్రి ఏ గదిలో దెబ్బలు పడుచున్నవో గోడలే చెప్పుచుండెను. పైగా ఆ ప్రాంతమంతయు ఎల్లప్పుడు ఒక కుటుంబమువలె లేదు. 1918 ఏప్రిలులో ఏర్పడిన మద్రాసు కార్మిక సంఘము ఈ మిల్లు కూలీలదే. దేశములో క్రమముగా ఏర్పడిన మొదటి కార్మిక సంఘములలో అది ఒకటి. అదే మిల్లులలో 1921లో నెలల తరబడి సమ్మె జరిగినప్పుడు, ఆదిద్రావిడ కూలీలు పనిలోనికి పోయిరి, మిగిలిన కులములవారు బయట నిలిచిరి. పులియంతోపులో గుడిసెలు తగులబడెను. పోలీసు కాల్పులలో ప్రాణములు పోయెను. ఒకే మగ్గము వద్ద నిలిచినవారు ఒకరి ఇంటికి ఒకరు నిప్పు పెట్టుకొనిరి. ఆ వీధిని గూర్చి తియ్యగా చెప్పు ముసలివారెవరును ఈ సంగతి ఎత్తరు.

1996లో మిల్లు మూతపడెను. ఆ స్థలములో ఇప్పుడు అంతస్తుల భవనములు లేచుచున్నవి. 2015 డిసెంబరు వరదల పిమ్మట చెన్నైలో ఏటి గట్లు, కాలువ గట్లు ఖాళీ చేయించి అనేక కుటుంబములను దూరముగా దక్షిణమున పెరుంబాక్కము ఎనిమిది అంతస్తుల ఇండ్లకు పంపిరి. ఆ గట్టు మీది గదులును అట్లే పోయెను. పంపినవారిని మేము పూర్తిగా తప్పుపట్టము. క్రొత్త ఇంటిలో తలుపు గల మరుగుదొడ్డి కలదు. చీకటి కొరకు కాచుకొనిన ఆడదానికి అది చిన్న సంగతి కాదు. ఆ బాధ పడనివారు పాత వీధిని పొగడుట మాకు సహింపదు. కాని పని పట్నములో, ఇల్లు పాతిక కిలోమీటర్ల అవతల. తిన్నెలు లేవు. ఊరినుండి రోగిని తీసికొనివచ్చినవాడు ఇప్పుడు ఆసుపత్రి వరండాలో పండుకొనుచున్నాడు. ఆ పని చూచిన ప్రభుత్వ సంస్థ 1970లో మురికివాడల నిర్మూలన బోర్డు అను పేరుతో పుట్టి 2021లో ఆ పేరు మార్చుకొనెను. బోర్డు మీద మురికి అను మాట పోవుటకు ఏబదియొక ఏండ్లు పట్టెను. మన నోట నుండి ఎప్పుడు పోవునో.

ఇప్పుడు ఆ తల్లి సంగతి. ఆమె భర్త మిల్లులో నూలు వడుకు విభాగములో పని చేసెను. అత్తగారు కార్పొరేషనులో చీపురు పట్టెను. ఆమె తరువాత ఈమె పట్టెను. మిల్లు మూతపడినప్పుడు కుమారుడు స్వగ్రామమునకు వచ్చి మన తీరమున రొయ్యల చెరువులలో కూలికి చేరెను. తరువాత తానే ఒక చెరువు గుత్తకు తీసికొనెను. ఆ మొదటి గుత్త సొమ్ము తల్లి తన ఊడ్పు జీతము మీద తీసిన అప్పు. నేడు అతనికి మిద్దె ఇల్లు కలదు, మంచివాడు, చర్చి కప్పునకు చందా ఇచ్చినవారిలో ముందువాడు. భర్త పోయిన పిమ్మట తల్లి అతని వద్దనే యున్నది.

కుమార్తెకు మంచి సంబంధము వచ్చినది. కుమారుడు తల్లితో, "పట్నంలో ఉన్నామని, నాయన పెద్ద కంపెనీలో పనిచేశాడని చెప్పు చాలు. మిగతాది వాళ్లకెందుకమ్మా" అని చెప్పెను. ఆమె మా యొద్దకు వచ్చి కూర్చుండి, "అయ్యగారా, వాడు చెప్పమన్న దాంట్లో అబద్ధమేం లేదు. పట్నమూ నిజమే, కంపెనీ నిజమే. మరి నాకు నోరెందుకు రావడం లేదో చెప్పండి" అనెను.

మేము వెంటనే జవాబియ్యలేదు. నిజమైన మాటలు పేర్చి అబద్ధము కట్టవచ్చునా? కట్టవచ్చునని మా అభిప్రాయము. ఒకరు అడుగని సంగతి చెప్పకుండుట అబద్ధము కాదు. ఇంటి సంగతులన్నియు వీధిలో పరచవలెనని ఏ ఆజ్ఞయు లేదు. కాని ఒక మనుష్యురాలిని దాచిపెట్టుటకు నిజమును తెరగా వాడినప్పుడు, ఆ నిజము తన పని మానుకొన్నది. కుమారుడు దాచవలెనని కోరినది వీధిని కాదు, చీపురును. ఆ చీపురు పట్టిన చేతిని. ఆ తల్లి నోరు రాకపోవుటకు కారణమదే. తన నోటితో తన్ను తానే లేదని చెప్పవలసి వచ్చినది.

కుమారునితో మేము మాటలాడితిమి. అతని భయము వట్టిది కాదు. క్రైస్తవులమై ఇన్ని తరములు గడచినను, పెండ్లి మాటలలో మన పెద్దలు మొదట విచారించునది ఏమో మనకు తెలియదా? పంచాయతీ పారిశుధ్య పనివారు గుమ్మము వద్ద మంచినీళ్లు అడిగిన, వారికని వేరుగా ఒక పాత గ్లాసు దాచియుంచు విశ్వాసుల గృహములు లేవా? ఆ కుమారుడు తల్లిని చూచి సిగ్గుపడలేదు. మనలను చూచి భయపడెను. గనుక తప్పంతయు అతని మీద మోపి తప్పించుకొనుట మనకు తగదు.

మొదట అడిగిన భేదము ఇక్కడ కొంత తేటపడుచున్నదని తలంచుచున్నాము. అరణ్యములో ఏడ్చినవారు తమ కడుపు కొరకు ఐగుప్తును తలంచుకొనిరి. అందుకే ఇటుకలు వారికి అడ్డమై, వాటిని తీసివేసిరి. ద్వితీయోపదేశకాండములో దాస్యమును జ్ఞాపకము చేసికొనుమను ఆజ్ఞ ఎక్కడ వచ్చుచున్నదో చూడుడి. విశ్రాంతి దినమున నీ దాసుడును దాసియు నీవలె విశ్రమింపవలెనని చెప్పుచోట వచ్చును. పొలములో మరచిన పన, ఒలీవ చెట్టున మిగిలిన పండ్లు పరదేశికిని, తండ్రి లేనివారికిని, విధవరాలికిని విడువుమను చోట వచ్చును. ఇటుకలు మోసిన చేతి జ్ఞాపకము ఇప్పుడు నీ గుమ్మము వద్ద నిలిచినవాని కొరకు. ఆ వీధిలో ఎనిమిదిమందికి చోటిచ్చిన స్త్రీ చోటు ఉండి ఇచ్చినది కాదు. చోటు లేక తానును ఎక్కడెక్కడనో పండుకొనినది గనుక ఇచ్చినది. ఇటుకలు తీసివేసి చెప్పిన ఆమె దయ వట్టి మంచి కథ. ఇటుకలు మాత్రమే చెప్పిన, ఆమె ఉండినట్టే తెలియదు.

కుమారుడు అంతయు విని, ఆలోచించెదనని చెప్పి, చెరువునకు మేత వేయు వేళైనదని లేచిపోయెను. తల్లి మాత్రము ఆ రాత్రియే మనుమరాలిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని వీధి సంగతి అంతయు, సమ్మెనాటి సంగతి కూడ, తన మామగారి నోట విన్నంత మట్టుకు చెప్పినదట. పిల్ల అడిగిన ప్రశ్నలు మాకు చెప్పి ఆమె నవ్వెను: కుళాయి దగ్గర ఎంతసేపు నిలబడుచుంటివి, ఊడ్పు పనికి మొదటి నెల జీతమెంత, చేతికి తొడుగులు ఇచ్చిరా. ఇయ్యలేదని చెప్పితినని ఆమె అనెను. పెండ్లివారు సంక్రాంతి దాటిన పిమ్మట వచ్చుదురు.