ఎండిన పాళీ



మన యిండ్లలో తాతల నాటి పెట్టె తెరచినయెడల, పాత బైబిలు ప్రక్కన ఒక ఇంకు పెన్ను కనబడుట కద్దు. సంఘపు రిజిస్టరులో బాప్తిస్మపు పేర్లు వ్రాసినవి కొన్ని. పాలమూరునుండి బొంబాయికి కూలికి పోయిన బిడ్డలకు ఉత్తరములు వ్రాసినవి కొన్ని. అట్టివాటిని కొంతకాలముగా మేము పోగుచేసి బాగుచేయుచున్నాము. "అయ్యగారూ, చచ్చిన పెన్నుతో మీకేమి పని?" అని పెబ్బేరులో పలువురు అడుగుచున్నారు.

ఈ పెన్నులలో మన తెలుగువారి చేతిపని యున్నది. రాజమండ్రిలో కోసూరి వెంకటరత్నము గారు 1932లో స్వదేశీ పెన్నుల పని ఆరంభించిరి. ఆయన చేసిన పెన్ను, అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘపు కుమారప్ప గారి ద్వారా గాంధీగారికి చేరినది. దానితో వ్రాసి చూచితిననియు, బజారులోని విదేశీ పెన్నులకు బదులుగా బాగుగనే యున్నదనియు గాంధీగారు 1935 జూలైలో ఉత్తరము వ్రాసిరి. ఆ కుమారప్పగారు క్రైస్తవ కుటుంబమున పుట్టినవారని మన యౌవనస్థులలో ఎందరెరుగుదురు?

సంతలో ఎద్దు పళ్లు పట్టి చూచినట్లు, పాత పెన్నుకు పాళీ మొన చూడవలెను. మొననున్న గట్టిలోహపు చుక్క ఊడిపోయినచో పాళీయే మార్చవలసినది. అది నిలిచియున్నచో చాలమట్టుకు ఆశ కలదు. ఏలయనగా పెన్ను విరిగి చెడుటకంటె, లోపల నిలిచిన సిరా ఎండి చెడుటయే ఎక్కువ. పాళీ క్రింది నాలుకలో సన్నని గాడి యున్నది. ఆ గాడిని ఎండిన సిరా మూసివేయును. వ్రాయుటకు పోసినదే వ్రాయనియ్యదు! అప్పుడు పటకారుతో లాగరాదు. వేడినీళ్లు పోయరాదు, ఆ నాటి పెన్నులు పెక్కు ఎబొనైటువి, అనగా గంధకము చేర్చి గట్టిపరచిన రబ్బరువి, వేడినీళ్లకు నలుపు పోయి గోధుమవన్నెకు తిరుగును. చన్నీళ్లలో నానబెట్టి, మరునాడు నీళ్లు మార్చి, ఆ మరునాడు మరల మార్చవలెను. మొదట ఏమియు రాదు. పిమ్మట నీలపు తీగ యొకటి మెల్లగా నీళ్లలోనికి దిగును. దానిని చూచినప్పుడు మాకు కలుగు సంతోషము ఇంతంత కాదు.

కొన్ని పాళీలు ఒకవైపునకు అరిగియుండును. అది దోషము కాదు, వ్రాసినవాని చేతివాటము. దానిని రుద్ది చదునుచేయువారు కలరు, మేము చేయము. కొత్తదానివలె ఉండవలెనన్నచో కొత్తదే కొనవచ్చును గదా.

రెండేండ్లుగా మందిరమునకు రాని సహోదరుని గూర్చి, "వాడింతే, చచ్చిన పెన్ను" అని మనము ఎంత త్వరగా తీర్పు తీర్చుచున్నాము! వానిలోపల ఎండినదేమో ఎవరడిగిరి? గట్టు తగవు కావచ్చును. ఇంట చావునాడు ఎవరును పలుకరింపలేదను బాధ కావచ్చును. ఒకసారి తలుపు తట్టి, "రాలేదు" అని తిరిగి వచ్చుట మొదటినాటి నీళ్లవంటిది. కొరింథు సంఘస్థులనే పౌలు తన పత్రికగా ఎంచెను (2 కొరింథీ 3). వారిలో తగవులు లేకనా? యిర్మియా గ్రంథము 36వ అధ్యాయము చూడుడి. యెహోయాకీము రాజు మూడు నాలుగు పుటలు వినగానే చాకుతో కోసి, చుట్టను నిప్పులో వేసెను. దేవుడు ఆ మాటలను విడిచిపెట్టలేదు. బారూకు మరియొక చుట్టమీద సమస్తమును మరల వ్రాసెను; మునుపటికంటె ఎక్కువ మాటలే వ్రాసెను.

మీ యిండ్లలో పాత పెన్నులున్నచో, ఈ శనివారము సంతకు వచ్చినప్పుడు మాకిచ్చి పొండి. పై శనివారమునకు నానినవి సిద్ధమగును. తీసికొన వచ్చునప్పుడు, మీరు మాటలాడుట మానుకొన్న ఒకరి చిరునామా తెండి. కాగితమును కవరును మేమే యిచ్చెదము.